ఓల్ డోయిన్యో లెంగాయ్: నల్ల లావా పారే కొండ

టాంజానియా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి కిలిమంజారో, సెరెంగెటి. నా మనసు మాత్రం ఎన్నాళ్లుగానో ఓల్ డోయిన్యో లెంగాయ్ మీదే ఉంది. అక్కడి పశువుల కాపరి తెగ మసాయిలు తమ దేవుడు ఎంగాయ్ ఉండే చోటుగా కొలిచే కొండ అది. ఎత్తు 2,962 మీటర్లు. మా అక్కాబావలు దార్ ఎస్ సలామ్‌లో ఉంటారు కాబట్టి వాళ్లింటికి వెళ్లినప్పుడు, బావగారిని వెంటబెట్టుకుని ఉత్తరాన నేట్రాన్ సరస్సు పక్కనున్న ఎంగారే సేరో ఊరికి చేరుకున్నాను.

ఈ కొండే ఎందుకంటే, నేట్రోకార్బొనటైట్ అనే లావాను కక్కే సజీవ అగ్నిపర్వతం ప్రపంచం మొత్తమ్మీద ఇదొక్కటే. మామూలు లావాలో సిలికా ఎక్కువ. దీంట్లో అది నామమాత్రం. ఉన్నదంతా సోడియం, పొటాషియం, కాల్షియం కార్బొనేట్లే. హవాయి లావా 1,100 డిగ్రీలు దాటితే ఇది 500 నుంచి 600 డిగ్రీల మధ్యే ఉంటుంది. పగటిపూట ఎరుపు కనిపించదు. నల్లగా, చారంత పల్చగా జారిపోతుంది. చల్లారాక గాలిలోని తేమ తగిలి గంటల్లోనే రంగు మారడం మొదలై, కొద్దిరోజులకు తెల్లబడి పొడిపొడిగా రాలిపోతుంది. ఆ లావాలో ఉండే ఒక ఖనిజానికి టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే పేరు మీద నైరేరైట్ అని పేరు పెట్టారు. ఒక దేశం తన నాయకుణ్ని గుర్తుంచుకోవడానికి ఇంతకన్నా అందమైన దారి ఉందా అనిపించింది నాకు.

పగలు ఎండ భరించలేం. అందుకని ఎక్కడం అర్ధరాత్రే మొదలవుతుంది. మాకు దారి చూపిన మసాయి కుర్రాడు భుజాన శుకా అనే ఎర్ర దుప్పటి, చేతిలో కర్ర, కాళ్లకు టైర్ల రబ్బరుతో చేసిన చెప్పులతో ముందు నడిచాడు. మేము బూట్లు వేసుకుని కూడా జారుతున్నాం. ఎక్కాల్సింది దాదాపు 2,000 మీటర్లు, వంపులు తిరిగే బాట లేదు, నిటారుగా పైకే. మొదట బూడిదలో కాలు కూరుకుపోతుంది. పైకెళ్లేకొద్దీ ఆ బూడిదే గట్టిపడి సిమెంటు గచ్చులా తయారైంది, దాని మీద ఇసుక రేణువులు. హెడ్‌ల్యాంపు వెలుగులో నాకు కనిపించిందల్లా అతని మడమలు, అవి వదిలిన చోట నేను పెట్టాల్సిన అడుగు. కాస్త తొందరపడితే చాలు, "పోలే పోలే, దాదా" అనేవాడు. స్వాహిలీలో "నెమ్మదిగా, అక్కా" అని. చివరి భాగంలో చేతులు కూడా నేలకు ఆనించి ఎక్కాం.

అంచుకు చేరేసరికి ఇంకా చీకటి. గంధకం వాసనకు గొంతు మండింది. లోపలి నుంచి వచ్చే చప్పుడు ముందు విన్నాను: బుసలు, మధ్యమధ్య ఏదో చిందిపడ్డ శబ్దం. వందల అడుగుల లోతున, ఒక చిన్న శంకువు నోట మసక ఎరుపు. తెల్లవారుతుంటే ఆ ఎరుపు మాయమై, అదే చోట నల్లటి ద్రవం పొంగి పక్కలకు జారడం కనిపించింది. చుట్టూ పాత పొరలు బూడిదరంగులో, ఇంకా పాతవి తెల్లగా. లావా వయసు దాని రంగులోనే చదువుకోవచ్చు. నేను చూసిన వాటిలో ఇంతటి వింత మరొకటి లేదు, మాటవరసకు అనడం లేదు.

2007కు ముందు ఈ బిలం అంచుదాకా నిండి ఉండేది, జనం లోపల తిరిగేవారట. ఆ ఏడాది మొదలై 2008 దాకా సాగిన పేలుళ్లు దాన్ని తవ్వేసి లోతైన గొయ్యి చేశాయి. అప్పుడు తాను పసివాణ్నని, గడ్డి మీద బూడిద పడితే పశువులు మేయలేకపోయాయని, ఇంటిల్లిపాదీ మందను తోలుకుని దూరం వెళ్లిపోయారని మా కుర్రాడు చెప్పాడు. అతని మాటల్లో కొండ మీద కోపం లేదు.

దిగడమే కష్టం. మేం పడమటి వైపు దిగుతున్నాం కాబట్టి చాలాసేపు నీడే. ఎదురుగా, నేల చీలి ఏర్పడిన రిఫ్ట్ లోయ గోడ మీద లెంగాయ్ నీడ పెద్ద ముక్కోణంలా పరుచుకుంది. ఉత్తరాన నేట్రాన్ సరస్సు. దాని ఒడ్డున తెల్లగా పేరుకున్నది చాలావరకు సోడా, అంటే బట్టల సోడా జాతి ఉప్పే. ఈ ప్రాంతపు అగ్నిపర్వతాల బూడిదలోంచీ, వేడినీటి ఊటల్లోంచీ వచ్చి చేరిందే. చర్మాన్ని మండించే ఆ క్షారజలంలో పెరిగే నాచును తిని చిన్న ఫ్లెమింగోలు బతుకుతాయి. తూర్పు ఆఫ్రికాలో ఆ పక్షులు పిల్లల్ని పెంచే ముఖ్యమైన చోటు ఇదే. చుట్టూ ఉన్న క్షారమే గూళ్లకు కాపలా, వేటాడే జంతువులు అందులోకి అడుగుపెట్టలేవు.

మర్నాడు సరస్సు దగ్గర, బూడిద కలిసిన బురదలో మనుషులు వేసిన అడుగులు రాయిగా మారి మిగిలిన పాదముద్రలు చూశాం. 400కు పైగా ఉన్నాయి. కనీసం 5,000 ఏళ్ల నాటివి, 19,000 ఏళ్లవి కూడా కావచ్చంటారు. ఒక ముద్రలో బొటనవేలు నొక్కుకున్న లోతు వేరుగా తెలుస్తోంది. బావగారు పక్కన కూర్చుని చాలాసేపు లేవలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు జూన్ నుంచి అక్టోబరు మధ్య, వానలు లేనప్పుడు వెళ్లండి. స్థానిక మసాయి గైడ్ లేకుండా ఎక్కొద్దు. చేతి తొడుగులు, మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు ఉండాలి. కొండ ఎక్కి వెంటనే తిరుగుప్రయాణం పెట్టుకోకండి, పాదముద్రలకూ సరస్సుకూ ఇంకో రోజు కేటాయించండి.