కొలైటిస్ ఉన్నవాళ్లు కాలు వాపునూ పట్టించుకోవాలి

మా చెల్లికి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. మొన్న ఎండాకాలంలో జబ్బు తిరగబెట్టి, రక్తవిరేచనాలతో మలక్‌పేటలో ఇంట్లోనే మంచం పట్టింది. ఒకరోజు ఎడమ పిక్క ఒక్కటే వాచింది, ముట్టుకుంటే వేడిగా ఉంది. అమ్మ కొబ్బరినూనె రాసి రుద్దబోతే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాప్లర్ స్కాన్‌లో లోపలి సిరలో రక్తపు గడ్డ కనిపించింది.

పేగులో వాపు ముదిరితే రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఈ జబ్బున్నవాళ్లకు ఆ ముప్పు మామూలువాళ్లకంటే 2 నుంచి 3 రెట్లు ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గడం, కదలకుండా పడుకోవడం, స్టెరాయిడ్లు దానికి తోడవుతాయి.

రక్తం పోతున్న పిల్లకు, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందా అని అమ్మకు ఒకటే టెన్షన్. నిజానికి జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్లకు, రక్తస్రావం మరీ తీవ్రంగా లేకపోతే, గడ్డ లేకపోయినా ముందుజాగ్రత్తగా అది ఇస్తారు. మీవాళ్లను చేర్పిస్తే డాక్టరుగారిని ఈ మాట తప్పకుండా అడగండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే మాత్రం గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు; ఆసుపత్రికి వెళ్లడానికి తెల్లారేదాకా ఆగొద్దు, దయచేసి.