డిండి దాకా సీటు గొడవే

హైదరాబాద్ నుంచి శ్రీశైలం సైకిల్ మీద అనగానే అందరూ ఘాట్ సంగతే అడుగుతారు. శ్రీశైలం ముందు వచ్చే దోమలపెంట దిగుడు ఎంతసేపు, పోనీండి. ఒళ్లు హూనం చేసేది కడ్తాల్ నుంచి డిండి దాకా ఉన్న రోడ్డు. పెద్ద ఎక్కుళ్లు లేవు, లేచి తొక్కే పని పడదు, గంటల తరబడి సీటుకి అతుక్కుని ఉండాల్సిందే.

కల్వకుర్తిలో మాతో వచ్చినతను టీ నిలబడే తాగాడు. సీటుకి వేలెడు మందం జెల్ కవర్, ఆరేడు వందలు పోశాడట. మెత్తన పది కిలోమీటర్లకే హాయి. ఆ తర్వాత పిర్ర ఎముకలు జెల్‌లోకి దిగిపోతాయి, జరిగిన జెల్ మధ్యలో ఉబ్బి నరాల్ని నొక్కుతుంది, తిమ్మిరెక్కుతుంది. కవర్ పీకేశాం. సీటు ఎత్తు కూడా తప్పే: మడమ పెడల్ మీద పెట్టి కిందికి తెస్తే కాలు నిటారుగా రావాలి, అతనికి మడమ అందనే లేదు. అలాంటప్పుడు తొక్కిన ప్రతిసారీ నడుం ఊగి తొడలు ఒరుసుకుంటాయి. పాత ఎత్తు దగ్గర టేపు చుట్టి, సెంటీమీటరు దించాం. సీటు ముక్కు కిందికి వంచుకున్నాడు. నొప్పి తగ్గుతుందని చాలామంది చేసేదే, కానీ ఒళ్లు ముందుకి జారి బరువు అరచేతుల మీద పడుతుంది, చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారతాయి. మట్టసం చేశాం.

ఊరు వస్తే చాలు రంబుల్ స్ట్రిప్స్, రోడ్డుకి అడ్డంగా వేసిన గరుకు పట్టీలు, ఎవడు కనిపెట్టాడో! 32 ఎంఎం వెడల్పు టైర్లో గాలి 80 పీఎస్ఐ ఉంటే పళ్లు కూడా కదులుతాయి. 65కి దించితే మేలు. మరీ తగ్గిస్తే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ము కింద నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఈ సైకిళ్ల చక్రానికి పట్టే 700సి సైజు ట్యూబు ఊళ్లలో దొరకదు, రెండు వెంట ఉండాలి.

అడవి మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూస్తారు, ఆ రాత్రికి అక్కడే మకాం. అడవిలోకి మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఇక్కడే నింపుకోవాలి. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్టు (21 గ్రాములది) లీటరు నీళ్లకి లెక్క, 750 ఎంఎల్ బాటిల్లో మొత్తం గుమ్మరించకూడదు.

ప్యాడ్ షార్ట్స్ (సీటు తగిలే చోట మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు) లోపల ఇంకేం వేయకూడదు, డ్రాయర్ కుట్లే కోసేస్తాయి. పొద్దున్నే తొడల సందుల్లో వ్యాజిలిన్ దట్టంగా పట్టించాలి. షార్ట్స్ రాత్రే ఉతికి, తువ్వాల్లో చుట్టి, కాళ్లతో తొక్కి, ప్యాడ్ బయటికి తిప్పి ఫ్యాన్ కింద ఆరేస్తే తెల్లారికి ఆరతాయి. తడి ప్యాడ్‌తో బయల్దేరితే అడవి మధ్యలో ఉన్న వటవర్లపల్లి రాకముందే ఒరుపు మొదలవుతుంది.