రంగంలో రైలెక్కి

మా నాయనమ్మ రంగూన్ అనేది కాదు, రంగం అనేది. శ్రీకాకుళం వైపు పాతవాళ్ళకి అది రంగమే. నాయనమ్మ వాళ్ళ నాన్న వయసులో ఉండగా ఓడెక్కి రంగం పోయి, రేవులో బస్తాలు మోసి, 1930 గొడవల తరవాత తిరిగొచ్చేశాడట. వెంట తెచ్చినవి ఒక టేకు పెట్టె, వంకర తిరిగిన చిటికెన వేలు. వేలి సంగతి ఎవరైనా అడిగితే లేచి వెళ్ళిపోయేవాడట. 2018 జనవరిలో నేను బర్మా వెళ్ళింది ఆయన కోసమే అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజానికి విమానం టికెట్టు చవగ్గా దొరికింది.

బగాన్‌లో మూడు రోజులు గుళ్ళ చుట్టూ సైకిలు తొక్కి పిక్కలు పట్టేశాయి. అందుకని యాంగోన్‌లో, అంటే ఇప్పటి పేరుతో ఆ రంగంలోనే, మిగిలిన ఒక్క రోజూ ఏదీ పనిగట్టుకుని చూడకూడదనుకున్నాను. అలాంటివాళ్ళ కోసమే అన్నట్టు ఆ ఊళ్ళో ఒక రైలుంది. ఊరి చుట్టూ తిరిగి, ఎక్కినచోటే దింపేస్తుంది.

ముందు టిఫిను. వీధి మలుపులో బాలవాడి పిల్లలకి సరిపోయేంత ఎత్తున్న ప్లాస్టిక్ స్టూళ్ళు. మొహింగా పెట్టారు. చేపల పులుసులో బియ్యపు సేమ్యా, చిక్కదనానికి శనగపిండి, నిమ్మగడ్డి వాసన, పైన కరకరలాడే వడ ముక్కలు. రెండో చెంచాకి నోట్లో ఏదో తగిలింది. అరటి దూట! మా ఇంట్లో దూట కూర అంటే ఒక పూట పని. పీచు వేలికి చుట్టి తీస్తూ ఇద్దరు కూర్చోవాలి. వీళ్ళు పొద్దున్నే పులుసులో వేసేసుకుని, తినేసి, ఆఫీసులకి పోతున్నారు.

అదీ లుంగీలతో పోతున్నారు. నేనూ ఇంటి నుంచి తెచ్చుకున్న గళ్ళ లుంగీలోనే ఉన్నాను, కలిసిపోతాననే ధీమాతో. కలవలేదు. వాళ్ళ లుంగీ రెండంచులూ కలిపి కుట్టింది, ముడి సరిగ్గా బొడ్డు దగ్గర. నాది కుట్టు లేనిది, పక్కకి దోపింది. ఎదురుగా టీ తాగుతున్న పెద్దాయన నా నడుము వంక చూసి చూసి, ఇక ఉండబట్టలేక లేచి, నడివీధిలో తన ముడి విప్పి మళ్ళీ కట్టి చూపించాడు. నేర్చుకున్నాను. సాయంత్రం లోపు నాలుగుసార్లు జారింది.

సెంట్రల్ స్టేషను పైకప్పులు పగోడా మెట్లలా ఒకదాని మీద ఒకటి లేస్తాయి. టికెట్టు అప్పుడు 200 చాట్లు, మన పది రూపాయలు. ఇంగ్లిషులో రాసింది చూసి క్యాట్ అనేవాణ్ణి, హాస్టలు అమ్మాయి చాట్ అని దిద్దింది. చుట్టు మొత్తం 46 కిలోమీటర్ల లోపే, స్టేషన్లు 39, అప్పట్లో పట్టేది మూడు గంటలు. లెక్క మీరే వేసుకోండి. పరిగెత్తి ఎక్కేవాళ్ళని చూశాను, పరిగెత్తకుండా ఎక్కేవాళ్ళనీ చూశాను.

మీటరు గేజి పట్టాల మీద పెట్టె పక్కలకి ఊగుతుంది. ఒకామె తల మీద పళ్ళెంతో వచ్చింది, ఉడికించిన కముజు పిట్ట గుడ్లు. తల కదలదు, పెట్టె మాత్రం కదులుతోంది. బుగ్గలకి గంధంలా అరగదీసి పూసుకున్న థనకా. అదొక చెట్టు బెరడు, సాన మీద నీళ్ళతో అరగదీస్తారు. స్టేషన్ల పేర్లు చదవాలని నా తాపత్రయం. ఆ గుండ్రటి అక్షరాలు చూస్తే తెలుగువాడికి చిన్న మోసం జరుగుతుంది. మన గకారం లాంటిదొకటి, సున్నా లాంటిదొకటి, ఇప్పుడే అర్థమైపోతుంది అనిపిస్తుంది. మూడు గంటల్లో ఒక్క పేరూ అర్థం కాలేదు.

ఇన్‌సేన్ వచ్చింది. ఆ పేరు వినగానే బర్మావాళ్ళకి గుర్తొచ్చేది జైలు. పెట్టెలో ఎవరూ తల తిప్పి చూడలేదు. ఆ తరవాత దన్యింగోన్, అక్కడ పట్టాల పక్కనే కూరగాయల సంత. రైలు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి కట్టలు లోపలికి పడ్డాయి. ఆకుకూరలు, పూలు, ముల్లంగి. నా ఒళ్ళో ఒక కొత్తిమీర కట్ట పడింది. విసిరినావిడ ఎక్కి, కట్ట తీసుకోకుండా నా పక్కనే కూర్చుని మిగతావి సర్దుకుంది. రెండు స్టేషన్ల దాకా దాన్ని పట్టుకునే ఉన్నాను. కాపలా ఉద్యోగం బాగానే చేశాననిపించి ఉంటుంది, దిగేటప్పుడు ఒక నారింజ చేతిలో పెట్టింది. ఆ పైన నీళ్ళ మడుల్లో తూటికూర, గేదెలు, మింగలదోన్ వైపు విమానాలు. కాసేపు నిద్రపోయాను కూడా.

మధ్యాహ్నం పాన్సొడాన్ వీధి చివర రేవుకి నడిచాను. భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో ఓడెక్కినవాళ్ళు ఈ నది మీదుగానే ఊళ్ళోకి వచ్చారు. వాళ్ళు ఏ జిల్లావాళ్ళైనా ఇక్కడ కోరంగీలే, గోదావరి పాయ పక్కన కోరంగి రేవు పేరు మీద. 1930 మేలో రేవు కూలీలు సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళని పెట్టుకున్నాయి, సమ్మె తీరగానే ఆ కొత్తవాళ్ళని పొమ్మన్నాయి. దెబ్బలాట అక్కడ రాజుకుంది. ఎక్కువగా చచ్చిపోయింది మన తెలుగు కూలీలు. ఆ వేలు అప్పుడే వంకర పోయిందో, బస్తా కింద పడి పోయిందో.

వెతకడానికి అక్కడేమీ లేదు, నేను వెతకనూ లేదు. అవతలి ఒడ్డున దలాకి వెళ్ళే పడవలోకి ఇద్దరు కుర్రాళ్ళు ఉల్లిపాయ బస్తాలు మోస్తున్నారు, మెడ వంచి, నోట్లో కిళ్ళీతో. చలికాలం కదా, సముద్రపు కాకులు గుంపులుగా వచ్చి పడవ వెంట పడుతున్నాయి. జనం వాటికి తిండి విసరడానికే డబ్బులు పెట్టి పొట్లాలు కొంటున్నారు. నేనూ ఒకటి కొని, సగం నేనే తినేశాను.

ష్వెడగోన్ పగోడాకి పోకూడదనే అనుకున్నాను. సాయంకాలం వెలుతురులో, దాదాపు 99 మీటర్ల బంగారం ఊళ్ళో ఎక్కణ్ణించి చూసినా కనిపిస్తుంటే ఎంతసేపని ఆగుతాం. ప్రాకారంలో దిక్కుకో వారం చొప్పున పుట్టినరోజు గుళ్ళున్నాయి. దిక్కులు ఎనిమిది, వారాలు ఏడు. అందుకని బుధవారాన్ని రెండు చేశారు, మధ్యాహ్నం దాటితే అది రాహువు వాటా. నేను బుధవారం పుట్టాను. ఇంటికి ఫోన్ చేశాను.

"అమ్మా, నేను పుట్టింది పొద్దుటా, మధ్యాహ్నమా?"

"ఏటైందిరా ఇప్పుడు?"

"ఏం లేదులే, చెప్పు."

"మూడున్నరకి. జోరు వాన. మీ నాన్న రిక్షా దొరక్క తడిసి ముద్దయి వచ్చారు. తిన్నావేటి?"

అయితే వాయవ్యం మూల, దంతాల్లేని ఏనుగు. ఎన్నేళ్ళుంటే అన్ని కప్పుల నీళ్ళు, పైన ఇంకొకటి, బుద్ధుడి బొమ్మ మీద పొయ్యాలి. నాకు ముప్పై ఒకటి. పదిహేడో పద్దెనిమిదో దగ్గర లుంగీ జారబోయి, పట్టుకునేసరికి లెక్క తప్పింది. పక్కన పోస్తున్న ముసలమ్మ వేళ్ళు చూపించింది. పదహారట. మళ్ళీ పదిహేడు నుంచి మొదలుపెట్టాను, ఈసారి ఒక చేత్తో ముడి పట్టుకుని.