ఐదో తీగ వినిపించేదాకా: నా రికార్డింగ్ అనుభవం

నిన్న రాత్రి పదకొండున్నరకు మా రాక్ బ్యాండ్ పాట ఫైనల్ మిక్స్ (అన్ని వాయిద్యాలూ, గొంతూ కలిపింది) ఫోన్‌కి వచ్చింది. హెడ్‌ఫోన్స్‌లో నాలుగుసార్లు, ఫోన్ స్పీకర్‌లో రెండుసార్లు, పొద్దున్న ఆఫీసు క్యాబ్‌లో ఇంకోసారి విన్నాను. నేను వాయించే బాస్, అంటే లోతైన స్వరాల గిటార్, వినిపిస్తోంది. ప్రతి నోటూ వినిపిస్తోంది. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు నాలుగు నెలలు, రెండు స్టూడియోలు, బాస్ ఖరీదు కాకుండా దాదాపు 10,000 రూపాయలు పట్టాయి. కోపం, సంతోషం రెండూ ఇంకా వేడిగా ఉండగానే రాసేస్తున్నాను.

రాక్‌కి ఐదు తీగల బాస్ ఎందుకని చాలామంది అడిగారు. మా సింగర్ గొంతు కింది స్థాయిలో నిండుగా పలుకుతుంది, పైకి వెళ్తే నలిగిపోతుంది. అందుకని మేం రికార్డ్ చేయాలనుకున్న మూడు పాటల్నీ సి షార్ప్ శ్రుతికి దించాం. మామూలు నాలుగు తీగల బాస్‌లో అన్నిటికంటే లావైనది ‘ఈ’ తీగ. అది సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. సి షార్ప్ కావాలంటే 34.6కి దిగాలి. ముందు ఆ ‘ఈ’ తీగనే వదులు చేసి చూశాను. బట్టలారేసే తాడులా ఊగింది, గట్టిగా మీటితే ఫ్రెట్లకు, అంటే నెక్ (పొడవాటి మెడ) మీది లోహపు మెట్లకు, తగిలి గలగలమంది. ఐదు తీగల బాస్‌లో దానికన్నా కింద ‘బి’ తీగ ఉంటుంది, సెకనుకు 31 కంపనాలు. దాని రెండో ఫ్రెట్ దగ్గర సి షార్ప్ బిగువుగా, నిబ్బరంగా పలుకుతుంది. కారణం ఇంతే. షోకు కోసం కొన్నది కాదు.

కొనడం పెద్ద కథేమీ కాదు. ఉప్పల్‌లో ఒకబ్బాయి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 24,000కి దొరికింది, మెట్రోలో ఇంటికి తెచ్చుకున్నాను. వెడల్పాటి నెక్‌కి చెయ్యి అలవాటు పడడానికి మూడు వారాలు పట్టింది.

సెటప్ దగ్గర, అంటే తీగలూ శ్రుతీ సరిచేయించుకునే దగ్గర, మొదటి దెబ్బ తగిలింది. ఊళ్లో పేరున్న ఒక షాపుకి తీసుకెళ్తే, కౌంటర్‌లో ఉన్నతను బాస్‌ని చేతిలోకి కూడా తీసుకోకుండానే ‘స్ట్రింగ్స్ పాతబడ్డాయి సర్, సెట్ మార్చేద్దాం’ అని 3,800 బిల్లు వేశాడు. కొత్త తీగలు వేశాక ‘బి’ ఇంకా అధ్వానమైంది. మీటగానే, శ్రుతి చూపించే ట్యూనర్‌లో సూది పైకి ఎగిరి, మెల్లగా జారి, ప్రతిసారీ వేరే చోట ఆగేది. మళ్లీ వెళ్లి అడిగితే ‘ఫైవ్ స్ట్రింగ్ అంటే అంతే సర్’ అన్నారు. డబ్బు తీసుకున్నాక చెప్పే మాట అదా?

సికింద్రాబాద్‌లో ఒక గల్లీలో హార్మోనియంలు బాగుచేసే పెద్దాయన గిటార్లు కూడా చూస్తారని మా డ్రమ్మర్ చెప్పాడు. వెళ్లాను. ఆయన బాస్‌ని ఒళ్లో పెట్టుకుని, ‘బి’ తీగని రెండు వేళ్లతో పైకి లేపి వదిలి, ట్యూనింగ్ కీని ఇంతే ఇంత తిప్పారు. నెక్ చివర తీగలు ఆనే తెల్లటి పట్టీ దగ్గర ‘టిక్’మని చప్పుడు వచ్చింది. ‘విన్నావా తమ్ముడూ? తీగ లావు, గాడి సన్నం. ఇరుక్కుంటోంది’ అన్నారు. పాత ‘బి’ తీగ మందం 0.125 అంగుళం. షాపువాడు వేసింది 0.130. గాడి సంగతి వాడికి పట్టలేదు. పెద్దాయన సన్నటి గుండ్రటి ఆకురాయితో నాలుగుసార్లు రుద్దడం, ఊదడం, తీగ పెట్టి చూడడం, మళ్లీ తీసి రుద్దడం. చివర్లో పెన్సిల్ ములుకు గాడిలో అటూ ఇటూ రాశారు. తర్వాత బ్రిడ్జి (తీగల రెండో కొస బిగించే చోటు) దగ్గర తీగ శాడిల్ (అది ఆనే చిన్న దిమ్మ) మీంచి కొంచెం లేచి వంపు తిరిగి ఉంటే, అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కారు. ‘ఇంత లావు తీగ తనంతట తాను వంగదు. మనమే వంచాలి’ అన్నారు. ఆ ఒక్క నొక్కుతో పన్నెండో ఫ్రెట్ దగ్గర తప్పిన శ్రుతి సగం దారికొచ్చింది. మిగతా సగం కోసం శాడిల్‌ని వెనక్కి జరపాలి, కానీ చోటు లేదు. స్క్రూ మీదున్న స్ప్రింగ్ తీసేసి ఇంకో రెండు మిల్లీమీటర్లు సంపాదించారు. 300 అడిగారు. నేను 500 ఇస్తే 200 తిరిగి చేతిలో పెట్టారు. తీగల మందం మార్చినప్పుడు గాడి చూడని చోట మీ వాయిద్యం ఇవ్వకండి, అది ఎంత పెద్ద షాపైనా సరే.

ఇక స్టూడియో. పేరు రాయను. గంటకు 800. డ్రమ్స్, గిటార్లు అంతకుముందు వారమే అయిపోయాయి. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఉదయం పదింటికి బాస్ వంతు. ఇంజనీర్ నా బ్యాగు జిప్ తీస్తుండగానే ‘ఫైవ్ స్ట్రింగా బ్రో? రాక్‌కి ఎందుకు?’ అన్నాడు. నేను సి షార్ప్ సంగతి చెప్పబోతే అప్పటికే మానిటర్ వైపు తిరిగిపోయాడు.

కేబుల్ పెట్టి నాలుగు నోట్లు వాయించగానే నోటుకీ నోటుకీ మధ్య ఒక గుంయ్‌మనే శబ్దం. తీగల మీద అరచెయ్యి పెడితే ఆగుతోంది. ‘ఎర్తింగ్’ అని తేల్చేశాడు. అతన్ని పూర్తిగా తప్పుపట్టలేను, ఎర్తింగ్ సమస్య ఉన్నప్పుడు కూడా తీగల్ని ముట్టుకుంటే హమ్ తగ్గుతుంది. కేబుల్ మార్చాడు. బాస్‌ని రికార్డింగ్ మెషీన్‌కి కలిపే డీఐ బాక్స్ మార్చాడు. లాప్‌టాప్ చార్జర్ పీకాడు. ఏసీ ఆపాడు. ఏప్రిల్ నెల, తలుపులు మూసిన గది, నలుగురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. గంటా నలభై నిమిషాలు. శబ్దం పోలేదు. ఆ గంటా నలభై నిమిషాలకూ మీటర్ తిరుగుతూనే ఉంది. చివరికి ఒక గేట్ (సన్నటి శబ్దాల్ని కత్తిరించే ఎఫెక్ట్) పెట్టి శబ్దాన్ని నొక్కేశాడు. దాంతో నా ప్రతి నోటుకీ తోక తెగిపోయింది.

మూడు టేకులు వాయించాను. మూడో టేక్ అయ్యాక బాస్ ఒక్కటే పెట్టి విని ‘ఏముంది బ్రో ఇందులో, బురద’ అన్నాడు. బయట టీ తాగుతున్న మావాళ్లందర్నీ లోపలికి పిలిచాడు. ‘పాట వినండి, మధ్యలో నేనొక పని చేస్తాను, ఎక్కడ చేశానో చెప్పండి’ అన్నాడు. పాట మొదలైంది. ఇరవై సెకన్ల తర్వాత నా కళ్లముందే బాస్ ట్రాక్ మ్యూట్ చేశాడు. అతని వేలు నాకు కనిపిస్తోంది, వాళ్లకి కనిపించడం లేదు. పల్లవి అయిపోయింది, చరణం కూడా అయిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. మా గిటారిస్ట్‌తో నాకు తొమ్మిదేళ్ల స్నేహం. వాడు నా ముఖం చూసి ‘నాకు పెద్ద తేడా తెలియలేదురా’ అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే ఆ మాట అంత లోతుగా దిగింది.

అంతటితో ఆగలేదు. పక్కనున్న కీబోర్డు ముందుకు లాక్కుని, ఏదో సింథ్ బాస్ (కీబోర్డులో పుట్టే బాస్ శబ్దం) పెట్టి, పది నిమిషాల్లో నా వాయింపంతా కాపీ కొట్టి ‘దీంతో కానిచ్చేద్దాం, టైమ్ వేస్ట్’ అన్నాడు. నేను మూడు వారాలు కూర్చుని కాలితో వాయించే కిక్ డ్రమ్‌కి సరిగ్గా అతికేలా కట్టుకున్న వరస అది. కేబుల్ చుట్టుకున్నాను, బాస్ బ్యాగులో పెట్టాను. నాలుగు గంటలకి 3,200 తీసుకున్నాడు, వెతుకులాటకి కూడా లెక్కగట్టి. వీపు మీద బాస్ వేసుకుని బండి మీద మధ్యాహ్నం ఎండలో ఇంటికి వస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. పనిచేసేవాడిని వాడి మనుషుల ముందు నిలబెట్టి పరీక్ష పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆసుపత్రిలోనైనా, ఆఫీసులోనైనా, స్టూడియోలోనైనా అది తప్పే. గంటల లెక్కన డబ్బు తీసుకునేవాడు ముందు విషయం వినాలి, తర్వాత తీర్పు చెప్పాలి.

ఒక్క మంచి పని చేశాను. వచ్చేముందు నా ట్రాక్‌ని, ఏ ఎఫెక్టూ గేటూ లేకుండా, పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకున్నాను. మీరు ఎంత గొడవపడి వచ్చినా అది మాత్రం వదలకండి.

ఆ రాత్రి దాన్ని స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ కంపనం దగ్గర ఎంత శబ్దం ఉందో గీతల్లో చూపించే తెర మీద, పెట్టి చూశాను. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 కంపనాలు. ఎర్తింగ్ హమ్ అయితే 50, 100 దగ్గర గీతలు నిలబడాలి. నా ట్రాక్‌లో అక్కడ ఏమీ లేదు. గీతలు 31 దగ్గర, 62 దగ్గర, 123 దగ్గర ఉన్నాయి. అది కరెంటు కాదు, ‘బి’ తీగ. నేను ముట్టకుండా వదిలేసిన తీగ పక్క తీగల అదురుకి తానూ మోగుతోంది. ‘ఈ’ తీగ 41ని మూడింతలు చేస్తే 123, ‘బి’ తీగ 31ని నాలుగింతలు చేసినా 123 చుట్టూనే వస్తుంది. ఒకటి పలికితే రెండోది ఊరుకోదు. సితార్‌లో మెట్ల కింద ఉండే తరఫ్ తీగలు మోగేది ఇలాగే. అక్కడ అది అందం, ఇక్కడ రొద. గంటా నలభై నిమిషాలు ప్లగ్గులు పీకిన మనిషి ఒక్కసారి ఆ స్క్రీన్ చూసుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. మందు కూడా చేతిలోనే ఉంది: కుడి బొటనవేలు ఎప్పుడూ ‘బి’ తీగ మీద ఆనించి ఉంచాలి, చెయ్యి పై తీగలకు వెళ్తుంటే ఆ వేలు కూడా జరుగుతూ ‘ఈ’ని కూడా అణచాలి. రెండు వారాలు రోజూ గంట అదే సాధన చేశాను.

రెండో తప్పు నాదే. బాస్ కదా, బరువుగా ఉండాలని పై శబ్దాల్ని తగ్గించే టోన్ నాబ్‌ని పూర్తిగా కిందికి తిప్పి వాయించాను. సి షార్ప్ అసలు స్వరం 34.6. దాని మీద 69, 104, 139 అలా మెట్లుమెట్లుగా ఉపస్వరాలు ఉంటాయి. ఆ గదిలో ఉన్నవి ఐదంగుళాల చిన్న స్పీకర్లు, 34 దగ్గర వాటికి దమ్ము ఉండదు. ఫోన్‌లోనైతే 69 కూడా రాదు. అయినా మన చెవి గట్టిది. పై ఉపస్వరాలు అందితే చాలు, కింద లేని అసలు స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. నేను ఆ పైవాటినే కోసేశాను. ఇక వినిపించడానికి మిగిలిందేమిటి?

ఇది తెలిశాక పాత రికార్డింగులన్నీ మళ్లీ కొత్త చెవితో విన్నాను. అమెరికన్ రాక్ బ్యాండ్ కార్న్ 1994 మొదటి ఆల్బంలో వాళ్ల బాసిస్ట్ ఫీల్డీ ఐదు తీగల బాస్‌ని ‘ఏ’ దాకా దించి వాయించాడు. అంటే 27.5 హెర్ట్జ్, పియానోలో ఎడమ చివరి మెట్టు. అయినా మనకు ముందుగా అందేది ఆ లోతు కాదు, తీగ ఫ్రెట్‌కి కొట్టుకునే టకటక. పన్నెండు తీగల బాస్ ఇంకా చక్కటి సంగతి. చీప్ ట్రిక్ అనే రాక్ బ్యాండ్‌లో బాస్ వాయించే టామ్ పీటర్సన్ 1970లలోనే దాన్ని చేయించుకున్నాడు. అందులో ఒక్కో లావు తీగ పక్కన ఒక స్థాయి పైన పలికే రెండు సన్న తీగలు ఉంటాయి, మూడూ కలిపి ఒకేసారి మీటాలి. పెర్ల్ జామ్ బ్యాండ్ 1991 ఆల్బంలో ‘జెరెమీ’ పాట మొదట్లో వాళ్ల బాసిస్ట్ జెఫ్ అమెంట్ వాయించింది దాన్నే. కొత్తగా వినేవాళ్లు అది బాస్ అంటే నమ్మరు. గిటార్ కంపెనీ ఫెండర్ 1965లో తెచ్చిన ఐదు తీగల బాస్‌కి అదనపు తీగ పైన, సన్నగా ఉండేది. అది ఎక్కువ కాలం నడవలేదు. కింది ‘బి’కి గిరాకీ బాగా పెరిగింది 1980లలో, కీబోర్డు బాస్ ‘ఈ’ కన్నా కిందికి దిగిపోతుంటే బాస్ వాయించేవాళ్లు ఆ లోతు తమ తీగల మీదే అందుకోవాలనుకున్నాక. అలాంటి తీగని తీసుకెళ్లిన నా చోట్లో ఆ ఇంజనీర్ కీబోర్డు పెట్టాడు. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండో రికార్డింగ్ బోడుప్పల్‌లో, ఒక ఇంటి మేడ మీది గదిలో. పాటకి 2,500, ఎన్ని గంటలైనా సరే. ఆ కుర్రాడు మొదట అడిగిన ప్రశ్న ‘అన్నా, మీ పాటలో అన్నిటికంటే కింది నోటు ఏది?’ అని. అక్కడే సగం పని అయిపోయింది. టోన్ పూర్తిగా తెరిచి, బ్రిడ్జికి దగ్గరగా మీటాను. ఒకే వాయింపుని రెండు ట్రాకులు చేశాడు. ఒకటి శుభ్రంగా, 150 హెర్ట్జ్ కింద ఉన్నది మాత్రమే. రెండోదానికి డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్ట్) పెట్టి, 150 కింద ఉన్నదంతా తీసేశాడు. రెండూ కలిపితే మొదట బాస్ పలచబడింది. తెర మీద అలల్ని పెద్దవి చేసి చూసి, డిస్టార్షన్ ట్రాక్ ఒక వెంట్రుకంత ఆలస్యంగా వస్తోందని కనిపెట్టి ముందుకు జరిపాడు. మళ్లీ వినిపించగానే గది నిండిపోయింది. 28 కింద ఉన్న అనవసరపు అదురంతా కోసేశాడు. గేట్ పెట్టలేదు, అవసరం రాలేదు. రెండో టేకే ఖాయం చేశాం. మా వరస మొదటి నుంచి చివరిదాకా అతుకు లేకుండా ఒకే టేక్‌లో వాయించాను. ఈ ఊళ్లో ఆ పని చేయగలిగినవాళ్లు ఎందరో ఉంటారు, అందులో నేనొకణ్ణి అని గట్టిగా చెప్పుకుంటాను.

మిక్స్ వింటూ మా గిటారిస్ట్ ‘రేయ్, బాస్ కొంచెం తగ్గించవా, నా గిటార్ని మింగేస్తోంది’ అన్నాడు. తగ్గించలేదు.

మిగతా రెండు పాటలు వచ్చే ఆదివారం. బోడుప్పల్ వెళ్లేముందు సికింద్రాబాద్‌లో పెద్దాయన దగ్గర ఆగాలి. ఆయనది బటన్ ఫోన్, అందుకే నా హెడ్‌ఫోన్స్ బ్యాగులో పెట్టుకున్నాను.