ఎముక అతికిన తరువాత కూడా తగ్గని దడ

జాతీయ రహదారి మీద జరిగిన ఒక ప్రమాదంలో నా మోచేయి విరిగింది. శస్త్రచికిత్స చేసి ప్లేటు వేశారు, ఆ తరువాత ఫిజియోథెరపీ చేయించారు, చేయి దాదాపు మునుపటిలాగే పనిచేస్తోంది. వెనుక నుంచి లారీ హారన్ వినిపిస్తే మాత్రం చాలాకాలం పాటు గుండె దడదడలాడేది, అరచేతులకు చెమటలు పట్టేవి, కడుపులో ఏదో మెలిపెట్టినట్లుండేది. ఈసీజీ తీశారు, టూడీ ఎకో చేశారు, థైరాయిడ్ పరీక్ష రాశారు. అన్నీ మామూలుగానే ఉన్నాయని, గ్యాస్ అయి ఉంటుందని చెప్పి పరగడుపున వేసుకునే మాత్ర ఇచ్చారు. ఇంట్లో మా అమ్మమ్మ నేను దడుసుకున్నానని తేల్చి, దిష్టి తీసి, తాయెత్తు కట్టించింది. నిజం చెప్పాలంటే, వీరందరిలో రోగనిర్ధారణకు అతి దగ్గరగా వచ్చింది అమ్మమ్మే.

చివరకు ఒక స్నేహితురాలి సలహాతో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. మనసు గురించి మాత్రమే మాట్లాడతారనుకుంటే, ఆవిడ మొదటి గంటలో ఎక్కువ భాగం నా ఊపిరి, నిద్ర, ఆకలి, భుజాల బిగువు గురించే అడిగారు. ట్రామాకు, అంటే తీవ్రమైన ఆపద మిగిల్చిన గాయానికి, చేసే చికిత్సలో మనసును, శరీరాన్ని ఒకే చోట కూర్చోబెట్టి పట్టించుకోవలసిన అవసరం ఎందుకు వస్తుందో నాకు ఆ తరువాతి నెలలలో కొంత అనుభవం వల్ల, కొంత చదవడం వల్ల తెలిసింది.

ప్రమాదం ఎదురైనప్పుడు మెదడులోని అమిగ్డాలా అనే చిన్న భాగం, మనం ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చేలోపే, శరీరాన్ని హెచ్చరిస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాల వైపు మళ్ళుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, కొద్దిసేపటికి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కూడా తోడై శరీరాన్ని అప్రమత్తంగా నిలుపుతుంది. పారిపోవడానికో, ఎదిరించడానికో, రెండూ సాధ్యం కానప్పుడు కొయ్యబారిపోవడానికో ఉన్న ఏర్పాటు ఇది. చాలామందిలో కొన్ని వారాలకు ఇది దానంతటదే సద్దుమణుగుతుంది. కొందరిలో మాత్రం, దొంగ వెళ్ళిపోయి తెల్లవారిన తరువాత పాలవాడిని చూసి కూడా మొరిగే కుక్కలాగా, ఆ హెచ్చరిక ఆగదు. పీడకలలు, వద్దన్నా కళ్ళ ముందు కదిలే దృశ్యాలు, ఆ చోటును, ఆ మాటను తప్పించుకు తిరగడం, ఎవరి మీదా నమ్మకం లేకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం వంటివి నెల దాటినా తగ్గక రోజువారీ జీవితానికి అడ్డుపడితే వైద్యులు దానిని పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన అమెరికా సైనికుల అవస్థలు చర్చకు వచ్చిన తరువాత, 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఈ పేరును తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చింది. అంతకు చాలా ముందే, మొదటి ప్రపంచయుద్ధ సైనికులకు చికిత్స చేసిన మానసిక వైద్యుడు ఏబ్రామ్ కార్డినర్ 1941లోనే ఈ జబ్బుకు మూలం మనసులో ఎంత ఉందో శరీరంలోనూ అంత ఉందని రాశాడు. ఆ మాటకు రావలసిన గుర్తింపు రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఇందులో అసలు చిక్కు జ్ఞాపకానిది. మామూలు సంఘటన అయితే ఎప్పుడు, ఎక్కడ, దేని తరువాత ఏది జరిగిందన్న వరుసతో గుర్తుంటుంది, అది గడిచిపోయిందన్న స్పృహ కూడా దానితోనే ఉంటుంది. తీవ్రమైన భయంలో ముద్రపడిన జ్ఞాపకం తరచుగా ముక్కలుగా, వాసనలుగా, చప్పుళ్ళుగా మిగులుతుంది. డీజిల్ వాసన తగిలితే చాలు, అది పాత సంగతి అని శరీరానికి తెలియదు. దడ మొదలవుతుంది. దడ వచ్చింది కనుక ఏదో ప్రమాదం ఉందని మనసు అనుకుంటుంది, ఆ అనుకోవడం వల్ల దడ ఇంకా పెరుగుతుంది. ఈ చక్రంలో ఎక్కడ మొదలు, ఎక్కడ చివర అని అడగడంలో అర్థం లేదు. చక్రాన్ని ఎటువైపు నుంచైనా ఆపవచ్చు గాని, ఒకవైపే ఆపితే రెండవవైపు నుంచి అది మళ్ళీ తిరగడం మొదలుపెట్టే అవకాశం ఎక్కువ.

నాకు చేసిన చికిత్స పేరు ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, అంటే భయాన్ని తప్పించుకోకుండా మళ్ళీ మళ్ళీ దానికి ఎదురు నిలవడం. అమెరికాలో ఎడ్నా ఫోవా అనే మనస్తత్వ శాస్త్రవేత్త రూపొందించిన ఈ పద్ధతి సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు నడుస్తుంది, ఒక్కొక్కటి గంట నుంచి గంటన్నర వరకు ఉంటుంది. ఆరంభంలోనే ఊపిరి నేర్పుతారు. ముక్కుతో మామూలుగా తీసుకుని, నెమ్మదిగా, తీసుకున్నదానికంటె ఎక్కువసేపు వదలడం. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం కొంత తగ్గుతుంది కనుక, ఇది మనసును బుజ్జగించే మాట కాదు, శరీరంలో నిజంగా జరిగే మార్పు. అయితే నా సైకాలజిస్టు ఒక హెచ్చరిక చేశారు. జ్ఞాపకం చెబుతున్నప్పుడు మాత్రం దడ నుంచి తప్పించుకోవడానికి ఊపిరిని సాధనంగా వాడవద్దన్నారు. దడ వస్తుందని, వచ్చి దానంతటదే దిగిపోతుందని శరీరం స్వయంగా తెలుసుకోవాలట.

తరువాతి సెషన్లలో కళ్ళు మూసుకుని ఆ రోజును వర్తమానంలో చెప్పాలి. 'లారీ వచ్చింది' అని కాదు, 'లారీ వస్తోంది, అద్దంలో దాని దీపాలు కనిపిస్తున్నాయి' అని. మధ్యమధ్య భయం సున్నా నుంచి వంద వరకు ఎంత ఉందో, ఇప్పుడు ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తోందో అడిగేవారు. చెప్పినదంతా ఫోనులో రికార్డు చేసి ఇంట్లో రోజూ వినమన్నారు. మొదట్లో అది ఒక శిక్షలాగానే తోచింది. అయినా వినగా వినగా కథకు వరుస ఏర్పడింది, నేను పూర్తిగా మరచిపోయిన సంగతులు కూడా వచ్చి చేరాయి. హెల్మెట్ తీసి, తల కింద తువ్వాలు పెట్టి, అంబులెన్సు వచ్చేదాకా కదలనివ్వకుండా పట్టుకున్న దాబా మనిషి ఒకరు నా జ్ఞాపకంలోకి తిరిగి వచ్చినది ఆ విన్న రోజులలోనే. (హెల్మెట్ తీయడం సరైన ప్రథమ చికిత్స కాదని తరువాత తెలిసింది, అయినా ఆయన మీద నాకున్న కృతజ్ఞత తగ్గలేదు.)

దానితో పాటు రోడ్డు మీద సాధన కూడా ఉండేది. ఆపి ఉంచిన బండి మీద కూర్చోవడం, వీధిలో తిరగడం, సర్వీసు రోడ్డు, ఆ తరువాత హైవే, ఇలా భయం తక్కువున్న మెట్టు నుంచి ఎక్కువున్న మెట్టుకు ఎక్కాలి. పాత భయం చెరిగిపోవడం జరగదని, దాని పక్కనే 'ఇక్కడ ఇప్పుడు ప్రమాదం లేదు' అన్న కొత్త నేర్పు బలపడుతుందని పరిశోధకులు చెబుతారు. అందుకే నిద్రలేనప్పుడో, జ్వరం వచ్చినప్పుడో పాత దడ అప్పుడప్పుడు తలెత్తుతుంది, దానికి కంగారుపడనక్కరలేదు.

ఇదే లక్ష్యాన్ని మరో దారిలో సాధించేది ఈఎండీఆర్ (ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్). అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాన్సిన్ షపీరో 1987లో దీనికి శ్రీకారం చుట్టి, 1989లో మొదటి అధ్యయనాన్ని ప్రచురించింది. బాధపెట్టే దృశ్యాన్ని మనసులో నిలుపుకుని, థెరపిస్టు వేళ్ళ కదలికను కళ్ళతో అనుసరించడం దీని ప్రత్యేకత. ఎనిమిది దశలున్న ఈ పద్ధతిలో ఆరవది పూర్తిగా శరీరానికి సంబంధించినది: ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ తల నుంచి కాళ్ళ దాకా ఎక్కడైనా బిగువు మిగిలి ఉందేమో చూసుకుంటారు, ఉంటే ఆ పని ఇంకా పూర్తి కాలేదని లెక్క. కళ్ళ కదలిక వల్ల నిజంగా అదనపు ప్రయోజనం ఉందా అన్న వాదన ఇంకా తెగలేదు గాని, చికిత్స పనిచేస్తుందన్న విషయంలో పెద్ద పేచీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు పీటీఎస్‌డీకి ట్రామా మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే చికిత్సను), ఈఎండీఆర్‌ను సూచించాయి. ఘటన జరిగిన మొదటి నెలలో భయం తగ్గడానికి బెంజోడయాజిపైన్ అనే మత్తు కలిగించే మాత్రలు ఇవ్వవద్దని, బాధితుల చేత వెంటనే జరిగిందంతా చెప్పించే పద్ధతిని వాడవద్దని కూడా అవే మార్గదర్శకాలు చెప్పాయి. తుపాను శిబిరాలలో మైకు పెట్టి 'ఎలా జరిగిందమ్మా, చెప్పండి' అని అడిగే టీవీ విలేకరులకు ఈ ఒక్క వాక్యమైనా ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును.

ఇక శరీరం వైపు నుంచే మొదలుపెట్టే పద్ధతుల సంగతి. అమెరికాలో సైకియాట్రిస్టు బెసెల్ వాన్ డర్ కోల్క్ బృందం 2014లో ప్రచురించిన ఒక పరీక్షలో, ఇతర చికిత్సలకు లొంగని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది మహిళలలో కొందరికి పది వారాలు యోగా నేర్పారు, మిగిలినవారికి ఆరోగ్య విషయాల తరగతులు చెప్పారు. చివరకు యోగా నేర్చినవారిలో 52 శాతం మందికి పీటీఎస్‌డీ నిర్ధారణ వర్తించలేదు, రెండవ జట్టులో అది 21 శాతం. ఆశ కలిగించే ఫలితమే, కాని చిన్న అధ్యయనం. మన యోగా తరగతులకు ఈ ఫలితాన్ని నేరుగా అన్వయించడం తొందరపాటు. అక్కడ నేర్పినది ట్రామా బాధితుల కోసం మార్చిన యోగా, అందులో గురువు వచ్చి నడుము సరిచేయడం ఉండదు, ప్రతి కదలిక చేయాలా వద్దా అన్నది నేర్చుకునేవారి ఇష్టం. లైంగిక హింసను అనుభవించిన ఒక మహిళను అపరిచితుల మధ్య కళ్ళు మూసుకుని శవాసనంలో పడుకోమంటే, విశ్రాంతికి బదులు భయం ముంచుకురావచ్చు. కొందరికి ఊపిరి మీద దృష్టి పెట్టడమే దడను రేపుతుంది. అలాంటివారికి పాదాలు నేలను గట్టిగా తాకేలా పెట్టి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పించడం మేలు.

ఒంట్లో కలిగే అనుభూతులను గమనించడం మీద ఆధారపడిన, పీటర్ లెవిన్ ప్రచారంలోకి తెచ్చిన సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్‌ అనే పద్ధతికి కూడా ఇప్పటికి ఉన్న ఆధారాలు పరిమితమే. ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో 'ట్రామా మీ తుంటి కండరాలలో దాగి ఉంది, వారాంతపు శిబిరంలో విడుదల చేస్తాం' అనే ప్రకటనలు కనిపిస్తున్నాయి. జ్ఞాపకం కండరంలో కూర్చుని ఉండదు. మెదడు మోగించే హెచ్చరికకు కండరాలు బిగుసుకుంటాయి, గుండె నుంచి, పేగుల నుంచి సంకేతాలు తిరిగి మెదడుకు చేరతాయి. ఈ రాకపోకల మీద పనిచేయడం వేరు, నొక్కితే జ్ఞాపకం బయటకు వస్తుందని నమ్మించి డబ్బు తీసుకోవడం వేరు. అలాగని, శరీరాన్ని అసలు పట్టించుకోకుండా 'పాజిటివ్‌గా ఆలోచించండి' అని పంపించేసే కౌన్సెలింగ్ కూడా అంతే నిరుపయోగమని నా అభిప్రాయం.

శరీర లక్షణం కనిపించగానే అది మనసుదే అనుకోవడం కూడా ప్రమాదకరమే. విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకైనప్పుడు, ఆ రాత్రి పరుగెత్తిన మనిషికి తరువాత ఆయాసం వస్తే, దానికి ఆ ఆవిరి చేసిన హాని కారణం కావచ్చు, ఆ రాత్రి భయం కారణం కావచ్చు, రెండూ కలిసి ఉండవచ్చు. కనుక ఈసీజీ, థైరాయిడ్ వంటి పరీక్షలు ముందుగా చేయించడం సబబే. అవి మామూలుగా ఉన్నాయని తేలిన తరువాత, 'ఈ మధ్య మీకు ఏదైనా ప్రమాదం జరిగిందా' అని అడగకుండా చీటీ రాసేయడమే సరికాదు.

మందుల పాత్ర కూడా ఉంది. సెర్ట్రలీన్, పారోక్సిటీన్ అనే రెండింటికి అమెరికాలో పీటీఎస్‌డీ కోసం ప్రత్యేక అనుమతి ఉంది, నిద్ర బాగా దెబ్బతిన్నవారికి, దిగులు ఎక్కువగా ఉన్నవారికి థెరపీతో పాటు అవి తోడ్పడతాయి, సైకియాట్రిస్టు చూసి రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు 14416కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. క్లినికల్ సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందో లేదో అడగండి. ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు, సుమారు ఎన్ని సెషన్లు పడుతుంది, జ్ఞాపకం చెబుతున్నప్పుడు నాకు ఊపిరి ఆడకపోతే మీరేం చేస్తారు అని కూడా అడగండి. ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా, వివరంగా జవాబిచ్చేవారి దగ్గర మొదలుపెట్టండి.