పది తర్వాత డిగ్రీ ఒక్కటే దారి కాదు

పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. గ్రూప్-1, బ్యాంకు పీఓ, సివిల్స్‌కి డిగ్రీ తప్పదు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి (రైలు డ్రైవర్‌కి సహాయకుడు) మాత్రం పదితో పాటు తగిన ట్రేడ్‌లో, అంటే పని విభాగంలో, ఐటీఐ ఉంటే చాలు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడ్‌లు 2 ఏళ్లు. చేరేముందు కాలేజీకే కాదు, ఆ ట్రేడ్‌కీ ఎన్‌సీవీటీ (కేంద్ర ప్రభుత్వ) గుర్తింపు ఉందా అని అడగండి. అయ్యాక అప్రెంటిస్‌షిప్ (కంపెనీలో పని చేస్తూ శిక్షణ) వదలొద్దు, అసలు పని చేతికొచ్చేది అక్కడే.

చదువు మీద మనసుంటే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి 3 ఏళ్ల డిప్లొమా చేయండి. ఆపైన డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

నా బెంగంతా ఇష్టం లేకుండా బీటెక్‌లో చేరే పిల్లల గురించే. బ్యాక్‌లాగ్‌లు తీరక మధ్యలో మానేస్తే ఫీజులూ ఏళ్లూ పోయి, చేతిలో మిగిలేది ఇంటర్ మెమో.