కోచ్ వెళ్లిపోయిన వారం

2024 జనవరి 12, శుక్రవారం. సియాటెల్‌లో చలి ఎముకలు కొరికేస్తోంది. సంక్రాంతి దగ్గర పడిందని అరిసెలకు పాకం పెట్టాను. మా పదకొండేళ్ల వాడు వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, కోచ్ వెళ్లిపోతున్నాడట" అన్నాడు. అంతే, ఇంక మాట రాలేదు వాడికి. గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి వాడిని పిలుస్తూ ఉంటే పొయ్యి మీద పాకం ముదిరిపోయింది.

ఇండియాలో ఉన్నవాళ్లకి కొంచెం చెప్పాలి. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకి తెలిసినది కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. కాలేజీ ఫుట్‌బాల్ అంటే కాలేజీ కుర్రాళ్ల ఆటే అయినా, ఊరంతటికీ పండగ. మా యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ జట్టు పేరు హస్కీస్. స్టేడియం లేక్ వాషింగ్టన్ ఒడ్డునే ఉంటుంది, మ్యాచ్ రోజున పడవల మీద కూడా వస్తారు జనం. 2021లో ఆ జట్టు 12 మ్యాచ్‌ల్లో నాలుగే గెలిచింది. ఆ తర్వాత కేలెన్ డీబోర్ అనే కోచ్ వచ్చాడు. రెండు సీజన్లలో 25 గెలుపులు, మూడే ఓటములు. రెండో ఏడాది వరసగా 14 గెలిచి జాతీయ ఫైనల్ దాకా వెళ్లారు. జనవరి 8న హ్యూస్టన్‌లో మిషిగన్ చేతిలో 34-13తో ఓడిపోయారు. ఆ రాత్రి మావాడు ఊదారంగు 9వ నంబరు జెర్సీతోనే నిద్రపోయాడు. అది క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టులో బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు, మైకేల్ పెనిక్స్ నంబరు.

రెండు రోజులకి, అంటే 10న, అలబామా యూనివర్సిటీ జట్టు కోచ్ నిక్ సేబన్ రిటైరయ్యాడు. 17 సీజన్లలో 6 జాతీయ టైటిళ్లు తెచ్చిన మనిషి. ఇంకో రెండు రోజులకే ఆ కుర్చీ మా కోచ్‌ది అయింది.

మా ఆయన వాడిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలన్నీ చెప్పారు. మన యూనివర్సిటీ వచ్చే సీజన్ నుంచి బిగ్ టెన్ అనే కొత్త లీగ్‌లోకి వెళ్తోంది, టీవీ డబ్బులో మొదట్లో మనకి పూర్తి వాటా రాదు. పెనిక్స్, ఇంకా పెద్ద ఆటగాళ్లు ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్లిపోతున్నారు. అలబామా చుట్టుపక్కల హైస్కూళ్లలో మంచి ఆటగాళ్లు ఎక్కువగా దొరుకుతారు. అలాంటి ఉద్యోగం ఖాళీ అవడమే అరుదు. కోచ్ మధ్యలో వెళ్తే ఎంత కట్టాలో కాంట్రాక్టులోనే రాసి ఉంది, 12 మిలియన్ డాలర్లు. అలబామా ఇచ్చేది ఎనిమిదేళ్లకి 87 మిలియన్లు. అన్నీ నిజాలే. మావాడు అంతా విని ఒకటే అడిగాడు.

"నాన్నా, నువ్వు కంపెనీ మారినప్పుడు మనం పార్టీ చేసుకున్నాం కదా. అప్పుడు నీ టీమ్‌లో వాళ్లు ఏడ్చారా?"

మా ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నిజంగానే ఆ రోజు నేను పాయసం చేశాను. మంచి ఆఫర్ వస్తే వెళ్లాలి, ఒకేచోట ఉండిపోతే ఎదగలేం అని ఫోన్లో తమ్ముడికి చెప్పింది కూడా నేనే. వాడు పక్కనే హోంవర్క్ చేసుకుంటూ విన్నాడు. అదే నోటితో వాడికి, "టీమ్‌లో చేరాక సీజన్ మధ్యలో మానకూడదు, మాట ఇచ్చాక నిలబడాలి" అని కూడా చెప్పాం. ఈ రెండు మాటలూ వాడి బుర్రలో పక్కపక్కనే ఉన్నాయని నాకు ఆ రాత్రి దాకా తట్టలేదు.

పడుకోబెట్టేటప్పుడు నా కథ చెప్పాను. పదో తరగతి రిజల్ట్స్ రాగానే మా ఊరికి కాలేజీల పీఆర్వోలు వచ్చేవాళ్లు. ఒకాయన మా అరుగు మీద మంచం వేసుకుని కూర్చుని, నాన్నతో "మ్యాథ్స్ సారు మా దగ్గరే ఉన్నారండీ, ఆయన చేతిలో పడితే అమ్మాయి ర్యాంకు గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నాన్న పసుపు అమ్మి ఫీజు కట్టారు. విజయవాడలో హాస్టల్లో చేరాను. సారు నిజంగానే గొప్పవాడు. సెకండియర్ డిసెంబర్లో ఒక సోమవారం ఆయన క్లాసుకి రాలేదు. వేరే కాలేజీ ఎక్కువ జీతం ఇచ్చి తీసుకుపోయిందని వారానికి తెలిసింది. మళ్లీ ఫీజు కట్టగలిగినవాళ్లు ఆయన వెనకే వెళ్లారు. నా నోట్సులో ఇంటిగ్రేషన్ చాప్టర్ సగంలో ఆగిపోయింది.

"ఆ సారు చెడ్డవాడా?" అన్నాడు వాడు.

కాదు. ఆయనకీ పిల్లలున్నారు, వాళ్లకీ ఫీజులున్నాయి. ఇప్పుడైతే నేనే ఆయనతో వెళ్లమని చెబుతాను. కానీ ఆ డిసెంబర్లో నాకు బాధ కలగడం తప్పు కాదు. మా నాన్నకి "వెళ్లిపోవచ్చు" అని ఎవరూ ముందు చెప్పలేదు, అరుగు మీద కూర్చున్న మనిషి చెప్పనే లేదు. ఇక్కడ కోచ్‌లు కూడా ఆటగాళ్ల ఇళ్లకి వెళ్లి సోఫాలో కూర్చుని తల్లితో మాట్లాడతారు, మీ అబ్బాయిని నేను చూసుకుంటానంటారు. ఆ తల్లులకి 87 మిలియన్ల లెక్క ఎలా వినిపించి ఉంటుందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. అప్పట్లో హెడ్ కోచ్ మారితే ఆటగాళ్లకి కాలేజీ మారడానికి 30 రోజుల గడువు ఇచ్చేవాళ్లు. కొందరు ఆయన వెనకే అలబామా వెళ్లారు. అసలు పెనిక్స్ వాషింగ్టన్‌కి వచ్చిందే అలాగ. ఇండియానాలో డీబోర్ దగ్గర ఆడి, ఆయన ఇక్కడికి వస్తున్నాడని వచ్చాడు. అది చెబితే మావాడు కాస్త లేచి కూర్చున్నాడు.

"వ్యాపారమంతే నాన్నా, వదిలెయ్" అని వాడికి చెప్పదలచుకోలేదు. కోచ్‌ని ద్రోహి అననివ్వలేదు కూడా. కోపం ఉంటే ఉండనీ అనుకున్నాను. పిల్లల కోపాన్ని మనం తొందరగా సర్దేస్తాం, ముఖ్యంగా ఊళ్లు వదిలి వచ్చినవాళ్లం. ఆ కోపం ఎక్కడ మన దాకా వస్తుందోనని భయం.

ఆదివారం భోగి. చంటిదానికి రేగుపళ్లు దొరక్క, చెర్రీలు, చిల్లర, పూలరేకులు కలిపి పోస్తున్నాం. మావాడు ఐప్యాడ్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "కొత్త కోచ్! జెడ్ ఫిష్! అరిజోనా నుంచి!" ఒకప్పుడు ఒక్క గెలుపు, 11 ఓటములతో ఉన్న జట్టుని 10 గెలుపులు, 3 ఓటముల దాకా తెచ్చినాయన. వాడి మొహం వెలిగిపోతోంది. చెల్లెలి తల మీద తనూ ఒక గుప్పెడు పూలు పోశాడు.

కాసేపటికి చూస్తే సోఫా చివర నా ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. రెండేళ్ల క్రితం మా వీధి నుంచి, ఆ అరిజోనా యూనివర్సిటీ ఉన్న టూసాన్‌కే వెళ్లిపోయిన స్నేహితుడి పేరు తెరిచి ఉంది. టైప్ చేస్తున్నాడు, చెరిపేస్తున్నాడు.

"ఏం రాయాలో తెలీట్లేదమ్మా" అన్నాడు.

"ఫోన్ చెయ్యి" అన్నాను.